ఏసీ ఉన్నా నడిరాత్రి చెమటతో మెలకువ: పరుపు మార్చాలా, ఇంకేదైనా చూడాలా?

ఎంవీపీ_సెక్టార్6
ఎండాకాలం ముందు ఎనిమిది అంగుళాల మెమరీ ఫోమ్ పరుపు కొన్నాం. పడుకున్న పది నిమిషాలకే నిద్ర పడుతుంది. కానీ రెండు, మూడు మధ్యలో వీపంతా తడిసి మెలకువ వస్తుంది. ఆ తర్వాత తెల్లారే వరకు దొర్లడమే. ఏసీ 22 మీద పెట్టి, రెండింటికి ఆగిపోయేలా టైమర్ పెడతాం. మా వారికి రాత్రంతా ఏసీ ఉంటే గొంతు పట్టేస్తుంది. షాపువాళ్లని అడిగితే "అలవాటు పడాలి మేడమ్, ఆర్నెల్లు వాడండి" అన్నారు. నేను టీచర్‌ని, ఏడింటికల్లా ఇంట్లోంచి బయటపడాలి. నిద్ర లేకపోతే పిల్లల మీద ఊరికే విసుక్కుంటున్నాను, అదే బాధగా ఉంది. మళ్లీ డబ్బు పోసి పరుపు మార్చాలా? విశాఖలో ఉండేవాళ్లే చెప్పండి, బెంగళూరు సలహాలు ఇక్కడ పని చేయడం లేదు.

గోపాలపట్నం_గోల
ముందు ఒక్కటి చెప్పండి. పరుపుతో వచ్చిన ప్లాస్టిక్ కవరు తీశారా? మా బాబాయి వాళ్లింట్లో మూడో ఏడు కూడా తియ్యలేదు, "మాసిపోద్ది" అని. ఆ మంచం మీద ఎవరు కదిలినా ఇల్లంతా లేస్తుంది.

ఎంవీపీ_సెక్టార్6
అది ఎప్పుడో తీసేశాం. కానీ పైన వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్ వేశాం. చిన్నోడు ఇంకా అప్పుడప్పుడు పక్క తడుపుతాడు.

పరుపుల_కొట్టు
సగం గొడవ ఆ ప్రొటెక్టర్‌దే అయ్యుంటుంది. నేను గాజువాకలో పరుపులు అమ్ముతాను, నా సరుకు కొనమని చెప్పడానికి రాలేదు. చవకగా వచ్చే ప్రొటెక్టర్లలో లోపలి పొర రెక్సిన్ లాంటిది. చెమట కిందికి ఇంకదు, గాలి ఆడదు. ఒంటికీ దుప్పటికీ మధ్యే తడి నిలబడుతుంది. పైన టవల్ గుడ్డ, కింద పల్చటి పొర ఉండేవి కాస్త నయం. ఇంకా నయం ఏంటంటే, చిన్నోడు పడుకునే పక్క వరకే చిన్న షీటు వేసి, మీ వైపు పూర్తిగా తీసెయ్యడం.

ఇక మెమరీ ఫోమ్ సంగతి. 1966లో నాసా పనుల్లో భాగంగా విమానం సీట్ల కోసం తయారైన సరుకు అది. వేడి తగిలితే మెత్తబడటం దాని గుణం. ఒంటి వేడికి లొంగి ఆకారం తీసుకుంటుంది, అందుకే కూర్చోగానే సుఖంగా అనిపిస్తుంది. గది వేడిగా ఉంటే ఇంకా మెత్తబడి మనిషి ఇంకా లోపలికి దిగుతాడు. దిగిన కొద్దీ ఒంటి చుట్టూ గాలి తగ్గుతుంది. చలి ఊళ్లలో అదే హాయి. మన ఊళ్లో మే నెలలో అదే నరకం. ఆర్నెల్లు వాడితే అలవాటు పడతారన్న మాట నేనైతే ఏ కస్టమర్‌కీ చెప్పను. ఫోమ్ కాస్త సాగుతుంది తప్ప వేడి పట్టుకునే గుణం పోదు.

అయినా ఇప్పుడే మార్చకండి. పైన ఒక మంచి నూలు బొంత వేసి వారం రోజులు చూడండి.

పెందుర్తి_పెద్దమ్మ
బొంత అంటే బజార్లో దొరికే పాలిస్టర్ క్విల్ట్ కాదు తల్లీ. పాత నేత చీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టించు. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డకి ఉండే మెత్తదనం కొత్త గుడ్డకి రాదు, చెమట కూడా ఇట్టే పీల్చుకుంటుంది. మా ఇంట్లో ఇప్పటికీ ఎండాకాలం ఫోమ్ పరుపు గోడకి నిలబెట్టి, నవారు మంచం మీద బొంత వేసుకునే పడుకుంటాం. మంచం కింద నుంచి కూడా గాలి ఆడుతుంది కదా.

మధురవాడ_కోడర్
పెద్దమ్మ గారూ, బూరుగు దూది పరుపు ఎలా ఉంటుంది? మా అమ్మ అదే కుట్టించుకోమంటోంది. ఫ్లాట్‌లో అందరూ వింతగా చూస్తారేమోనని ఆగాను.

పెందుర్తి_పెద్దమ్మ
పడుకునేది నువ్వు బాబూ, చూసేవాళ్లు కాదు. బూరుగు దూది తేలిక, తడి పట్టదు. మామూలు దూదిలా ఏటేటా ఏకించక్కర్లేదు. అణిగిపోతే ఎండలో పడేస్తే మళ్లీ పొంగుతుంది. దిండ్లకైతే దానికి మించింది లేదు.

పరుపుల_కొట్టు
పెద్దమ్మ గారి మాటకి చిన్న సవరణ. బూరుగు పోగు లోపల బోలుగా ఉండి, పైన మైనం లాంటి పూత ఉంటుంది. అందుకే నీళ్లు పట్టదు. కానీ ఆ బోలు వల్లే వేడి కూడా పట్టుకుంటుంది. దిండుకి, పల్చటి పరుపుకి బాగుంటుంది. ఆరంగుళాలు దట్టించి కుట్టిస్తే మాత్రం ఉక్క. నడుం నొప్పి ఉన్నవాళ్లకి అసలు వద్దు, మధ్యలో గుంట పడుతుంది. ఇంకో సంగతి, అది తొందరగా అంటుకుంటుంది. దోమల చుట్ట మంచం పక్కన పెట్టే అలవాటుంటే మానెయ్యండి.

ఏసీ_మెకానిక్_అక్కయ్యపాలెం
పరుపు మాట అలా ఉంచండి. రెండింటికి ఏసీ ఆగడం, రెండు మూడు మధ్య మెలకువ రావడం, ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఎవరూ పట్టించుకోలేదేం? 22లో చల్లబడ్డ గది, తలుపులు మూసిన గది. ఏసీ ఆగగానే గోడలు దాచుకున్న వేడి వదులుతాయి. ముగ్గురి ఊపిరి, చెమటతో తేమ పెరుగుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాల్లో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు. హైదరాబాద్‌లో 40 డిగ్రీలు తట్టుకున్నవాళ్లు ఇక్కడ 34కే అల్లాడిపోయేది ఇందుకే.

22లో పెట్టి ఆపెయ్యడం కంటే 26 లేక 27లో పెట్టి రాత్రంతా ఉంచండి, ఫ్యాను రెండులో తిప్పండి. గొంతు పట్టేది ఎక్కువగా 20, 22ల్లో నేరుగా మొహం మీదికి గాలి కొడితేనే. ఏసీ రెక్కలు పైకి తిప్పండి. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ గది ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24తో మొదలవ్వాలని రూలు పెట్టారు, కరెంటు ఆదా కోసం. అయినా ప్రతి ఇంట్లో రిమోట్ 18 మీదే కనిపిస్తుంది. వానాకాలం రాత్రుల్లో డ్రై మోడ్ వాడి చూడండి, చలి పెట్టకుండా తేమ తగ్గుతుంది. ఫిల్టరు రెండు వారాలకోసారి కడగండి.

భీమిలి_గాలి
ఏసీ లేకుండా బతకలేమా అసలు? సముద్రం పక్కన ఉండి కిటికీలు మూసుకోవడం నాకు అర్థం కాదు.

మధురవాడ_కోడర్
అన్నా, మా వైపు సాయంత్రం ఆరింటికి కిటికీ తెరిస్తే దోమలే లోపలుండి మనం బయటుండాలి.

భీమిలి_గాలి
దానికి మెష్ ఉంది, దోమతెర ఉంది. ఇంకో విషయం చాలామందికి తట్టదు. పగలు గాలి సముద్రం మీంచి నేల మీదికి వస్తుంది. రాత్రి పొద్దుపోయాక నేల తొందరగా చల్లబడి, నిలకడగా ఉన్న రాత్రుల్లో గాలి నేల వైపు నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. అంటే బీచ్ వైపు కిటికీ ఒక్కటే తెరిచి గాలి రాలేదనుకుంటే లాభం లేదు. కొండ వైపు కిటికీ కూడా తెరవాలి, రెండింటి మధ్య తలుపు మూయకూడదు. పాత పెంకుటిళ్లలో వీధి తలుపుకీ పెరటి తలుపుకీ ఒకే వరస ఉండేది, గాలి అడ్డు లేకుండా పోయేది.

ఏసీ_మెకానిక్_అక్కయ్యపాలెం
డిసెంబరు, జనవరిల్లో మీతో ఏకీభవిస్తాను. మే నెలలో మాత్రం ఒప్పుకోను. బయటి గాలే చెమ్మగా ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే ఆ చెమ్మే లోపలికొస్తుంది.

కూర్మన్నపాలెం_షిఫ్ట్
మీ అందరికీ రాత్రి నిద్ర ఉంది, దాన్ని బాగు చేసుకుంటున్నారు. నాకు వారం వారం మారుతుంది. ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్, సీ షిఫ్ట్. సీ అంటే రాత్రి డ్యూటీ. సీ షిఫ్ట్ అయ్యి ఇంటికొచ్చేసరికి ఎండ నెత్తిన ఉంటుంది. పక్కింట్లో మిక్సీ, కింద కూరగాయల బండి మైకు, మధ్యాహ్నం కొరియర్ కుర్రాడు. చాలా ఏళ్లు ఒంటి గంట వరకు మంచం మీద కళ్లు తెరుచుకునే ఉండేవాణ్ని. నాకు పని చేసినవి రాస్తాను, షిఫ్టుల్లో ఉన్నవాళ్లకి పనికొస్తాయి.

డ్యూటీ దిగి బండి మీద వచ్చేటప్పుడు నల్ల కళ్లజోడు. స్టయిల్ కోసం కాదు. పొద్దుటి వెలుగు కంట్లో పడితే ఒళ్లు "తెల్లారింది, లెగు" అనుకుంటుంది. నేరుగా ఇంటికి, దారిలో టీ కొట్టు దగ్గర ఆగను. సీ షిఫ్ట్‌లో రాత్రి రెండు దాటాక టీ ముట్టను. ఇంటికొచ్చి కొంచెం ఇడ్లీ తిని, గోరువెచ్చని నీళ్లు పోసుకుని పడుకుంటాను. కిటికీకి దట్టమైన నల్ల గుడ్డ కర్టెన్ కుట్టించాం, గోడకీ కర్టెన్‌కీ మధ్య సందు లేకుండా. తలుపు మీద "డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నారు, బెల్ కొట్టవద్దు" అని కాగితం. మా ఆవిడ అతికించింది, కాలనీలో ఇంకో నాలుగిళ్లు అదే పెట్టుకున్నాయి. సీ షిఫ్ట్ మొదటి రోజు డ్యూటీకి వెళ్లే ముందు సాయంత్రం గంటన్నర కునుకు తప్పనిసరి. బండి నడిపేవాళ్లు ఇది అస్సలు వదలొద్దు. తెల్లారుజామున నిద్రమత్తులో హైవే మీద పడిపోయినవాళ్లని మా డిపార్ట్‌మెంట్‌లో అందరం చూశాం.

మధురవాడ_కోడర్
ఈ పోస్టు మా ఆఫీసు గ్రూపులో పెడుతున్నాను అన్నా. రుషికొండ వైపు అమెరికా టైముకి పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మా దగ్గర ఎవరూ ఇవన్నీ చెప్పరు, కాఫీ మెషీన్ మాత్రం రాత్రంతా ఫ్రీ.

నిద్రగన్నేరు
హాస్పిటల్లో నర్సుగా నైట్లు చేస్తాను. షిఫ్ట్ అన్న రాసిందంతా మాకు చెప్పేదే. మనిషి తాగిన కాఫీలో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆరింటి ఫిల్టర్ కాఫీ పదకొండింటికి కూడా ఒంట్లో సగం ఉంటుందన్నమాట. "నేను కాఫీ తాగినా పడుకుంటాను" అనేవాళ్లు పడుకుంటారు, కానీ గాఢ నిద్ర తగ్గుతుంది. మద్యం కూడా అంతే. తొందరగా నిద్ర పట్టిస్తుంది, తెల్లారుజామున లేపేస్తుంది.

టీచర్ గారూ, ఒకటి అడగాలి. మీ వారికి గురక ఉందా? ఏసీ గాలికి గొంతు పట్టేస్తుందన్నారు కదా. నోరు తెరిచి పడుకునేవాళ్లకి పొద్దున్నే గొంతు ఎండిపోతుంది.

ఎంవీపీ_సెక్టార్6
గురకా... బాగా ఉంది. మధ్యలో ఒక్కోసారి ఆగిపోతుంది, తర్వాత ఒక్కసారిగా గట్టిగా ఊపిరి తీసుకుంటారు. ఆ చప్పుడుకి నేను ఉలిక్కిపడి లేచిన రాత్రులు కూడా ఉన్నాయి. ఇది చెమటకి సంబంధించింది కాదని రాయలేదు.

నిద్రగన్నేరు
అయితే ఇది పరుపు కంటే ముఖ్యం. గురక మధ్యలో ఊపిరి ఆగి, మళ్లీ ఎగశ్వాసతో మొదలవడం స్లీప్ ఆప్నియా లక్షణం. గొంతులో దారి మూసుకుపోయి ప్రాణవాయువు తగ్గుతుంది, మెదడు లేపుతుంది. రాత్రంతా అలా జరుగుతూనే ఉంటుంది, ఆయనకి గుర్తుండదు. పొద్దున తలనొప్పి, పగలు కూర్చున్నచోట కునుకు, బీపీ, ఇవేమైనా ఉన్నాయా? ఉన్నా లేకపోయినా ఈఎన్‌టీ లేదా ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి. రాత్రి పడుకున్నప్పుడు ఊపిరి, గుండె, ఆక్సిజన్ కొలిచే పరీక్ష ఉంటుంది. ఆప్నియా అని తేలితే ముక్కుకి మాస్కు పెట్టి గాలి ఒత్తిడి ఇచ్చే సీప్యాప్ యంత్రం వాడతారు. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కొలిన్ సల్లివాన్ దాన్ని కనిపెట్టారు. అప్పట్నుంచి ఎంతమందికో ప్రాణం నిలబెట్టింది. దయచేసి "గురకే కదా" అని వదిలెయ్యొద్దు.

గోపాలపట్నం_గోల
మా ఇంట్లో గురక పెట్టేవాళ్లు గాఢంగా నిద్రపోతున్నట్టే లెక్క. ఇలా కూడా ఉంటుందని ఇప్పుడే తెలిసింది. మా నాన్న గారికి బీపీ ఉంది. రేపే మాట్లాడతాను.

ఎంవీపీ_సెక్టార్6
బీపీ ఉంది, మాత్ర వేసుకుంటారు. పొద్దున తల బరువుగా ఉందని అంటూనే ఉంటారు, ఎండ అనుకున్నాం. చాలా థాంక్స్ అండీ. ఈ వారమే తీసుకెళ్తాను.

భీమిలి_గాలి
వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకుంటే గురక తగ్గుతుంది కదా?

నిద్రగన్నేరు
చాలామందికి తగ్గుతుంది, కానీ అది డాక్టరు బదులు కాదు. పక్కకి పడుకునేవాళ్లకి దిండు ఎత్తు ముఖ్యం. భుజానికీ చెవికీ మధ్య ఎంత సందు ఉందో అంత ఎత్తు కావాలి. వెల్లకిలా పడుకుంటే పల్చటిది చాలు. మెడ పట్టేసింది అనేవాళ్లలో చాలామంది రెండు దిండ్లు పెట్టుకునేవాళ్లే. రాత్రి ఆలస్యంగా బిర్యానీ తిని గుండెల్లో మంట అనేవాళ్లు ఎడమ పక్కకి తిరిగి పడుకోండి, పులుపు పైకి ఎగదన్నడం తగ్గుతుంది.

సీతమ్మధార_తాతయ్య
నేల మీద చాప వేసుకుని పడుకుంటే ఏ నొప్పీ ఉండదు. నాకు డెబ్బై దాటాయి. ఈ పరుపులన్నీ వ్యాపారం.

పరుపుల_కొట్టు
మీకు పడింది తాతయ్యా, సంతోషం. కానీ నడుం నొప్పి ఉన్న అందరికీ గట్టి చోటే మంచిదనే నమ్మకం నిలబడలేదు. 2003లో లాన్సెట్ పత్రికలో స్పెయిన్ వైద్యులు 313 మందితో చేసిన పరిశీలన వచ్చింది. బాగా గట్టి పరుపు మీద కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్న దాని మీద పడుకున్నవాళ్లకి నొప్పి ఎక్కువ తగ్గింది. నడుముకీ పరుపుకీ మధ్య అరచెయ్యి తేలిగ్గా దూరిపోతే అది మీకు మరీ గట్టి. దూర్చలేకపోతే మరీ మెత్తన. మన ఊరికి నేను చెప్పేది కొబ్బరి పీచు పరుపు, పైన రెండంగుళాల దూది. గాలి ఆడుతుంది, తొందరగా గుంట పడదు.

సీతమ్మధార_తాతయ్య
అరచేతి లెక్క బాగుంది. మా కోడలికి చెప్తాను, తనకి నడుం నొప్పి. ఇంకో మాట. మా అమ్మ పడుకునే ముందు కాళ్లు కడుక్కుని, అరికాళ్లకి నువ్వుల నూనె రాసుకోమనేది. దానికేమైనా శాస్త్రం ఉందా?

నిద్రగన్నేరు
నూనె సంగతి తెలియదు గానీ, పాదాల వెచ్చదనానికీ నిద్రకీ సంబంధం ఉంది తాతయ్యా. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త దిగాలి. అది చేతుల్లోంచి, పాదాల్లోంచే బయటికి పోతుంది. పాదాలు వెచ్చగా ఉండి అక్కడ రక్తం బాగా ఆడితే నిద్ర తొందరగా వస్తుందని 1999లో నేచర్ పత్రికలో స్విట్జర్లాండ్ వాళ్లు రాశారు. గోరువెచ్చని నీళ్లతో స్నానం పడుకోవడానికి గంటా, రెండు గంటల ముందు చేస్తే మంచిదనేదీ ఇందుకే. నూనె రాశాక కాళ్లు తుడుచుకోండి, టైల్స్ మీద జారతారు.

మధురవాడ_కోడర్
నాకు ఉక్కపోత లేదు, దోమల్లేవు, పరుపు బాగుంది. అయినా రెండింటి వరకు నిద్ర పట్టదు. పడుకోగానే ఆలోచనలు. ఫోన్ తీస్తాను. సెలవు రోజు పదకొండింటికి లేస్తాను. ఫ్రెండ్ ఆల్ప్రాజోలం సగం మాత్ర వేసుకోమంటున్నాడు.

నిద్రగన్నేరు
ఆ మాత్ర వద్దు తమ్ముడూ. డాక్టరు చూడకుండా అస్సలు వద్దు. అలవాటు పడుతుంది, మానేస్తే నిద్ర ఇంకా పాడవుతుంది. ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం దిగెయ్యి. వేరే గదిలో తక్కువ వెలుగులో కూర్చుని ఏదైనా చదువు, బట్టలు మడతపెట్టు. నిద్ర వస్తేనే మళ్లీ మంచం ఎక్కు. మంచం మీద లాప్‌టాప్, తిండి, గొడవలు ఏవీ వద్దు. 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికా మానసిక శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఇది. నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఇలాంటి అలవాట్ల చికిత్సనే ఇప్పుడు డాక్టర్లు సూచిస్తున్నారు.

అన్నిటికంటే ముఖ్యం లేచే టైము. ఆదివారమైనా ఒకే టైముకి లే. లేవగానే బాల్కనీలో పొద్దుటి వెలుగులో కాసేపు నిలబడు. పదకొండింటికి లేచినవాడికి రాత్రి పదకొండింటికి నిద్ర ఎలా వస్తుంది?

కూర్మన్నపాలెం_షిఫ్ట్
హుద్‌హుద్ తుఫాను అప్పుడు గుర్తుందా? 2014 అక్టోబరు 12. ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో మా కాలనీ అంతా ఎనిమిదిన్నరకే పడుకుని చీకటితోనే లేచేది. నీళ్లకి కష్టం, పాలకి కష్టం, దోమలు. అయినా అంత తొందరగా నిద్ర ఎలా వచ్చేదా అని అనుకునేవాణ్ని.

మధురవాడ_కోడర్
మాకూ అంతే. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. చీకటి పడితే చేసేదేమీ ఉండేది కాదు. సరే అక్కా, రేపట్నుంచి ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెడతాను, అలారం గడియారం కొంటాను.

పెందుర్తి_పెద్దమ్మ
ఆలోచనలు పట్టుకుంటే రేపటి పనులు కాగితం మీద రాసి పక్కన పెట్టు బాబూ. మా ఆయన కిరాణా కొట్టు లెక్కలు అలాగే రాసేసి పడుకునేవారు.

ఎంవీపీ_సెక్టార్6
ప్రొటెక్టర్ తీసేసి మా అత్తయ్య బొంత వేశాను, ఏసీ 26లో ఉంచాను. వీపు తడవడం తగ్గింది. డాక్టరు నిద్ర పరీక్ష రాశారు. ఇంకో సందేహం. వానాకాలం వస్తోంది, పరుపు ముక్కిపోయిన వాసన వస్తుంది. ఎండలో వెయ్యడానికి మేడ మీదికి మోయలేం. ఏం చెయ్యాలి? చిన్నోడికి తుమ్ములు కూడా ఉన్నాయి.

పరుపుల_కొట్టు
ఫోమ్ ఎండలో ఎలాగూ వెయ్యకూడదు, పొడిపొడిగా రాలిపోతుంది. వారానికోసారి దుప్పట్లన్నీ తీసి, పరుపుని గోడకి నిలబెట్టి, ఫ్యాను ఫుల్లుగా రెండు మూడు గంటలు తిప్పండి. నేల మీద నేరుగా వేసి ఉంటే వెంటనే చెక్క మంచం మీదికి మార్చండి, అడుగున బూజు పట్టేది అక్కడే. పలకలు సందులుగా ఉన్న మంచం అయితే మంచిది. పీచు, దూది పరుపులైతే వాన తెరిపి ఇచ్చిన రోజు ఎండలో వేసి కర్రతో కొట్టండి, సాయంత్రం నాలుగు లోపే లోపల పెట్టేయండి. పొద్దుగూకితే మన గాలికి మళ్లీ చెమ్మ పట్టేస్తుంది.

నిద్రగన్నేరు
తుమ్ములకి దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి. వాషింగ్ మెషీన్‌లో ఆ సెట్టింగ్ ఉంటుంది. పరుపు దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు ఆ వేడికే చస్తాయి, చల్లనీళ్లకి చావవు. తేమ ఎక్కువున్న ఊళ్లలో అవి బాగా పెరుగుతాయి. చిన్నోడి మంచం మీద బొచ్చు బొమ్మలుంటే వాటినీ ఉతకండి.

గోపాలపట్నం_గోల
మా మెషీన్‌లో 60 లేదు, 40 వరకే ఉంది. బకెట్‌లో మరిగించిన నీళ్లు పోసి నానబెడితే సరిపోతుందా?

నిద్రగన్నేరు
సరిపోతుంది. తెల్ల నూలు గుడ్డలైతే భయం లేదు, రంగువి విడిగా నానబెట్టండి. పది నిమిషాలు ఉంచి తర్వాత మామూలుగా మెషీన్‌లో వెయ్యండి. మరిగే నీళ్ల బకెట్ దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి.